కోర్టువారి మలిపిలుపు

ఈశ్వరయ్య తనను మనిషిగా లెక్కపెట్టి పిలవలేదన్నది బ్రహ్మానందం ఫిర్యాదు. పదకొండేళ్ళ నాటి ఆ ఫిర్యాదును అతను ఊళ్ళో వినేవాళ్ళందరికీ ఒకసారి చెప్పాడు, విననివాళ్ళకు రెండుసార్లు చెప్పాడు. ఈశ్వరయ్య పరాయివాడేమీ కాదు, చిన్నాన్న కొడుకు. రెండిళ్ళకూ మధ్య నాలుగిళ్ళు. ఆ ఈశ్వరయ్య నాపరాళ్ళతో మిద్దె కట్టుకుని గృహప్రవేశం చేసుకున్న రోజున ఊరంతటికీ అన్నం పెట్టాడు. తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చున్న అన్నను మాత్రం పిలవలేదు.

నిజానికి పిలిచాడు. నాలుగు రోజుల ముందే భార్యాభర్తలిద్దరూ వచ్చి బొట్టుపెట్టి మరీ చెప్పి వెళ్ళారు. కాని వాళ్ళ ఊరు ముత్తాయగుంటలో అది సగం పిలుపే. వంటలై విస్తళ్ళు వేశాక మళ్ళీ ఒక మనిషి గడప గడపకూ వచ్చి "లేవండయ్యా, వడ్డనయింది" అనాలి. దాన్ని మలిపిలుపు అంటారు. అది రాకముందే లేచి వెళ్ళినవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. ఆ ఊళ్ళో మలిపిలుపు పిలిచేది రోశయ్య. సరిగ్గా ఆ రోజే రోశయ్యకు చలిజ్వరం వచ్చింది. అతని బదులు వెళ్ళినవాడు బ్రహ్మానందం గడప చూడకుండా దాటిపోయాడు. మర్నాడు ఈశ్వరయ్య వచ్చి ఒక్క మాట చెబితే అంతటితో పోయేది. "బొట్టుపెట్టి చెప్పినాక ఇంకా ఆయన బిగువేంది" అన్నాడట. ఆ మాట నాలుగిళ్ళు దాటి రావడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు.

అప్పటినుంచీ మాటల్లేవు. మాటలుంటే గట్టు దగ్గరే తేలిపోయే సంగతి, మాటలు లేకపోయేసరికి కోర్టు దాకా పోయింది. వాగు ఒడ్డున బ్రహ్మానందానికి నల్లరేగడి చేను ఒకటుంది, ఎకరం చిల్లర. గట్టు మీద తాటిచెట్లున్నాయి. మిగతా భూమంతా పార వేస్తే రాయి తగిలేదే. ఇల్లు గడిచేది ఆ వాగొడ్డు చేలో పండే మిరపతోనే. తండ్రుల నాటి పంపకాల్లో ఆ చేను తమ భాగానికి రావలసిందని ఈశ్వరయ్య దావా వేశాడు. అది బ్రహ్మానందం భాగానికే వచ్చిందని చెప్పే పంపకాల కాగితం అతని ట్రంకుపెట్టె అడుగున, తండ్రులిద్దరి వేలిముద్రలతో భద్రంగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి చూపిస్తే చాలు. తాలూకాలో ఇంత తేలికైన వ్యాజ్యం ఇంకొకటి లేదని ఆ కాగితం చూసిన ప్రతివాడూ అన్నాడు.

నరసరావుపేట నుంచి సమను తీసుకుని కోర్టు బంట్రోతు సైకిలు మీద వచ్చాడు. ఎండ మండిపోతోంది. దారిలో చెప్పులోకి ముల్లు దిగిందేమో, గడప ముందు ఆగి చెప్పులు విప్పాడు. తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు. "బ్రహ్మానందం గారిల్లు ఇదేనాండీ" అని అడిగాడు. బ్రహ్మానందం భార్య రామాయమ్మ మజ్జిగ ఇస్తే తాగి, కాగితం ఒకటి ఇచ్చి, ఇంకో దాని మీద సంతకం చేయించుకుని, వెళ్ళొస్తానని చెప్పి మరీ వెళ్ళాడు. బ్రహ్మానందం ఆ పూటంతా చాలా సంతోషంగా ఉన్నాడు. పిలవడమంటే ఎట్లా ఉండాలో ఆ మనిషిని చూసి నేర్చుకోవాలని, ఈశ్వరయ్య ఇంటికి వినిపించేటట్టు భార్యతో అన్నాడు.

కాగితమంతా ఇంగ్లీషు. పేరొక్కటే తెలుగులో రాశారు. బ్రహ్మానందం మూడో తరగతిలో బడి మానినవాడు కనుక దాన్ని ఊరి బడిలో ఉన్న కోటేశ్వర్లు మాష్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. మాష్టారి దగ్గర అట్టలు ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటుంది. మాష్టారు కాగితం చదివి, ఇది సమన్సు అనీ, వచ్చే నెల తొమ్మిదో తేదీ పొద్దున పదిన్నరకు కోర్టుకు రమ్మన్నారనీ చెప్పాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆ మాటకు అర్థమేమిటని బ్రహ్మానందం అడిగాడు. మాష్టారికి అర్థాలు చెప్పడమంటే సరదా. నిఘంటువు తెరిచి, వేలితో వెతికి, సమన్ అనే క్రియ దగ్గర ఆగాడు.

మొదటి అర్థం, పిలుచుట. వేలు అక్కడే ఉంది కాని కన్ను కిందికి పోయింది. రెండో అర్థం, పైవాడు తన కిందివానిని ఎదుటికి రమ్మని ఉత్తరువిచ్చుట. దాని పక్కన వాడుక కూడా ఇచ్చారు. యజమాని నౌకరును, అధికారి నేరస్థుని. సమానులయెడల ఈ మాట వాడరాదు. ఆ కింద మూడో అర్థం, చెదిరిన ధైర్యమును కూడగట్టుకొనుట. మాష్టారు తలెత్తి బ్రహ్మానందం మొహం చూశాడు, తర్వాత బడి కప్పు చూశాడు. ఆ ఏడు వానల్లోపల బడికి తాటాకు కప్పించాలి. తాటాకు బ్రహ్మానందం వాగొడ్డు చెట్లది.

"పిలుచుట అండీ" అన్నాడు మాష్టారు.

"అంతేనా? కింద ఇంకా చానా ఉందే."

"అవన్నీ దాని వాడుకలండీ. అసలర్థం పిలుచుటే."

"ఎవరు పిలిచినట్టు?"

"మున్సిఫ్ గారు. పైన చక్రవర్తి గారి ముద్ర కూడా ఉంది."

బ్రహ్మానందం కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. మలిపిలుపు సంగతి అందులో ఏమన్నా రాశారా అని అడిగాడు. అట్లాంటిదేమీ లేదన్నాడు మాష్టారు. ఉండదులే, శుభలేఖల్లో మాత్రం రాస్తారా ఏంది అని బ్రహ్మానందమే సర్దుకున్నాడు. మాష్టారు నిఘంటువు మూసేశాడు. చదువుకున్నవాళ్ళకు పుస్తకం ఎక్కడ తెరవాలో ఎంత బాగా తెలుసో, ఎక్కడ మూయాలో అంతకన్నా బాగా తెలుసు.

తొమ్మిదో తేదీ కోడి కూసే వేళకు బండి కట్టారు. ఏర్పాటు చాలా మామూలుది. తొమ్మిదింటికల్లా పేట చేరడం, పిలిస్తే లోపలికి పోయి కాగితం చూపించడం, మధ్యాహ్నానికి పని ముగించుకుని బజార్లో లాంతరు చిమ్నీ ఒకటి కొనుక్కుని పొద్దుండగానే ఇల్లు చేరడం. యుద్ధం రోజులు, చిమ్నీలు దొరకడం కష్టంగా ఉంది. చిమ్నీ మరిచిపోవద్దని రామాయమ్మ రెండుసార్లు చెప్పింది. కాగితం మరిచిపోవద్దని మాత్రం చెప్పలేదు. అది రాత్రి నుంచీ అతని రొంటినే ఉంది. బండి తోలడానికి రోశయ్యను పెట్టుకున్నాడు. పిలుపుల సంగతి తెలిసినవాడు పక్కనుంటే మంచిదని అతని ఉద్దేశం.

కోర్టుకు ఎదురుగా రోడ్డుకు ఇవతల హజ్రా బీ బండ్ల పాక ఉంది. వ్యాజ్యాలకొచ్చే రైతులు అక్కడ ఎడ్లను విప్పుకుంటారు. మేతకూ కుండల్లో నీళ్ళకూ ఇంతని హజ్రా బీ తీసుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా కోర్టు ఆమె కళ్ళెదుటే నడుస్తోంది. ఎవరు గెలిచి వస్తున్నారో, ఎవరు ఓడి వస్తున్నారో రోడ్డు దాటేటప్పుడే చెప్పేస్తుంది. బ్రహ్మానందం ఎడ్లను విప్పించి, నులక మంచం మీద కండువా పరుచుకుని కూర్చున్నాడు.

"కోర్టు పనా అన్నా? అయితే పోయి అవతల వరండాలో కూచో. ఇక్కడ కూచుంటే పనులు కావు" అంది హజ్రా బీ.

పిలుపు ఇంటికొచ్చిందనీ, మలిపిలుపు రాగానే లేస్తాననీ అతను చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. కోర్టుకొచ్చే రైతుల మాటలు సగం అర్థంకాకుండా వినడం ఆమెకు అలవాటే కనుక ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది.

పొరుగూరి నుంచి వచ్చిన చుట్టం తాను ఫలానా విడిదిలో దిగానని పిలిచినవాళ్ళకు కబురు చేయాలి. లేకపోతే మలిపిలుపు ఎక్కడికని వస్తుంది. బ్రహ్మానందం రోశయ్యను పంపాడు. రోశయ్య వెళ్ళి వరండాలో నిలబడ్డ బంట్రోతుకు, ముత్తాయగుంట బ్రహ్మానందం గారు వచ్చి ఆ ఎదుటి పాకలో ఉన్నారని చెప్పాడు. సమను తెచ్చినవాడు కాదు, ఇంకొకడు. వాడు తల కూడా తిప్పకుండా, పిలుస్తారులే, పిలిచినప్పుడు రమ్మను అన్నాడు. రోశయ్య ఆ మాటను యథాతథంగా తెచ్చి ఒప్పజెప్పాడు. "పిలుస్తారంటయ్యా."

"నే చెప్పలా" అన్నాడు బ్రహ్మానందం హజ్రా బీతో.

పదిన్నరకు మున్సిఫ్ గారి గుర్రబ్బండి వచ్చింది. వరండా నిండిపోయింది. ఎండలో, ఇంకొకళ్ళ భుజాల మీద నుంచి మెడలు సాచి లోపలికి చూస్తున్న ఆ జనాన్ని చూసి బ్రహ్మానందానికి జాలి వేసింది. పెద్దపెద్ద రైతులు, కండువాలున్నవాళ్ళు, పిలవని చోటికి వచ్చినట్టు నిలబడ్డారు. వీళ్ళ ఊళ్ళలో మర్యాదలు ఎట్లా ఉంటాయోనని రోశయ్యతో అన్నాడు. ఉండవయ్యా అన్నాడు రోశయ్య.

ఆ వరండాలోనే ఈశ్వరయ్య కూడా ఉన్నాడు. రోడ్డుకు అవతల మంచం మీద నెమ్మదిగా కూర్చున్న అన్నను చూసి అతనికి గుండె జారింది. పంపకాల కాగితం సంగతి అతనూ ఎరుగును. ఓడిపోతే ఓడిపోయాం, గట్టు దగ్గర రెండు సాళ్ళయినా ఇమ్మని అడుగుదామన్నంత వరకే అతని ఆశ. దావా వేసింది కూడా ఒకరకంగా అన్న ఎదుట నిలబడి మాట్లాడే వీలు ఇంకెక్కడా లేకనే. ఈ మనిషి ఇంత ధీమాగా కూర్చున్నాడంటే లోపల ఇప్పటికే అంతా చక్కబెట్టుకుని ఉంటాడనుకున్నాడు. కాసేపు తటపటాయించి రోడ్డు దాటి వచ్చాడు. పాక ముందు ఆగి చెప్పులు విప్పాడు. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నా" అన్నాడు. ఆ మాట అతని నోట వచ్చి పదకొండేళ్ళయింది. "వేళయింది. మన పేర్లు పిలుస్తారు. లే అన్నా, కలిసే పోదాం."

రోశయ్య మంచం పక్క నుంచి లేచి నిలబడ్డాడు. ఆ పిలుపులో అతనికి వంక పెట్టడానికేమీ కనిపించలేదు. బ్రహ్మానందం మాత్రం తమ్ముడి వైపు చూడకుండా ఎడ్ల వైపు చూస్తూ జవాబిచ్చాడు.

"నన్ను పిలిచింది నువ్వు కాదు. పిలిచినోళ్ళు లోపలున్నారు. వాళ్ళొస్తారు."

ఈశ్వరయ్య కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

పన్నెండు దాటాక వరండా మీద నుంచి బంట్రోతు కేక వేశాడు. ముందు ఈశ్వరయ్య పేరు. తర్వాత "ముత్తాయగుంట బ్రహ్మానందం." వెనక గారు లేదు, అండీ లేదు. ఎటు చూసి పిలుస్తున్నాడో కూడా తెలియదు. ఆకాశంలోకి అరిచినట్టు అరిచాడు.

"అన్నా, నిన్నే" అంది హజ్రా బీ.

"నన్నయితే అట్టా అరవరు. ఆ పేరున్న ముద్దాయి ఇంకెవడన్నా ఉంటాడు."

"మీ ఊరి పేరు కూడా చెప్తిరి గదా."

రెండో కేక వచ్చింది. రోశయ్య ముఖం చిట్లించాడు. తన వృత్తిని ఇంకొకడు పాడుచేస్తుంటే చూస్తున్న మనిషి బాధ అది. "గడప తొక్కకుండా, మనిషి మొహం చూడకుండా పిలవటం ఏందయ్యా? నేనట్టా పిలిస్తే మనూళ్ళో ఒక్క విస్తరి ముందు మనిషి కూచోడు" అన్నాడు.

బ్రహ్మానందం నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ఆ కేక తనదేనని అతనికి తెలుసు. మొదటి కేకకే కుడి మోకాలు దానంతటది లేవబోయింది. చేత్తో దాన్ని అదిమిపట్టుకుని కూర్చున్నాడు. ఈ అరుపుకే లేచి పరుగెత్తేటట్టయితే ఆనాడు ఈశ్వరయ్య ఇంటికెందుకు పోలేదు? బొట్టుపెట్టి పిలిచిన పిలుపుకు పోకుండా, తమ్ముడి ఇంటి పప్పు వాసన ముక్కుకు తగులుతుండగా పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చున్నది ఎందుకు? ఇప్పుడు లేస్తే ఆ రోజు కూర్చున్నది ఉత్త మూర్ఖత్వమవుతుంది. పదకొండేళ్ళు మాట్లాడకపోవడం కూడా మూర్ఖత్వమే అవుతుంది. ఒక మనిషి ఒక్క అరుపుకు అంత పోగొట్టుకోలేడు.

మూడో కేక వచ్చి ఆగిపోయింది.

"అయినయ్ అన్నా మూడు. ఇంక పిలవరు" అంది హజ్రా బీ. ఓడిపోయి రోడ్డు దాటే మనుషులను ఆమె ఎందరినో చూసింది, రోడ్డు దాటకుండానే ఓడిపోయినవాణ్ణి చూడటం ఆమెకు అదే మొదలు.

నాలుగున్నరకు గుర్రబ్బండి వెళ్ళిపోయింది. అప్పుడు బ్రహ్మానందం కండువా దులుపుకుని లేచి, పిలిచి మర్యాద చేయని వాళ్ళను నిలదీయడానికి రోడ్డు దాటాడు. లోపల గుమాస్తా ఒకడు కట్టలు కట్టుకుంటున్నాడు. పుస్తకం చూసి, మూడుసార్లు పిలిచినా పలకలేదు గనుక రానట్టే లెక్కనీ, అవతలి పక్షం చెప్పింది రాసుకుని చేను ఈశ్వరయ్యదేనని డిక్రీ ఇచ్చేశారనీ చెప్పాడు. ఎక్స్‌పార్టీ అన్నాడు. ఆ మాటకు అర్థం బ్రహ్మానందం అడగలేదు. ముప్పై రోజుల్లోపల తగిన కారణం చూపించి అర్జీ పెట్టుకుంటే మళ్ళీ విచారిస్తారని గుమాస్తాయే జాలిపడి చెప్పాడు.

ఇంటికి చేరేసరికి రామాయమ్మ లాంతరు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. చిమ్నీ ఏదని అడిగింది. మరిచిపోయానన్నాడు. మరి కాగితం చూపిచ్చావా అని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాడు, కేకలతో సహా. ఆమె లాంతరు తీసుకుని లేచింది.

"మిరప తోటకు మలిపిలుపు ఎవరు పిలుస్తారో కనుక్కో ఇంక" అని లోపలికి వెళ్ళింది.

ప్లీడరును పెట్టుకున్నారు. ఆ రోజు జ్వరమొచ్చిందని రాద్దాం, అందరూ అదే రాస్తారని ఆయన అన్నాడు. తనకు జ్వరం రాలేదనీ, వస్తే ఊళ్ళో తెలిసేదనీ బ్రహ్మానందం ఒప్పుకోలేదు. ఎడ్లకు జబ్బు చేసిందని రాద్దామా అన్నాడు ప్లీడరు. ఎడ్లు కూడా బాగానే ఉన్నాయి. చివరికి ఆయన విసిగిపోయి, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాశాడు. పిలుపనేది తమ ప్రాంతపు ఆచారం ప్రకారం రెండు విడతలనీ, సమన్సు మొదటిది మాత్రమేనని అర్జీదారు నమ్మాడనీ, ఆ నమ్మకం చదువుకున్న మనిషి చెప్పిన అర్థం మీద ఆధారపడిందనీ. ఆ చివరి ముక్క కోసం కోటేశ్వర్లు మాష్టారిని సాక్షిగా పిలిపించారు. కోర్టు నుంచి మాష్టారికి కూడా సమను వచ్చింది. ఆయన మలిపిలుపు కోసం ఆగకుండా తెల్లవారేసరికే వరండాలో ఉన్నాడు, చంకలో నిఘంటువుతో.

ఈసారి బ్రహ్మానందం కూడా వరండాలోనే నిలబడ్డాడు. బంట్రోతు మొదటి కేక వేసి నోరు మూయకముందే లోపల ఉన్నాడు.

మున్సిఫ్ గారు మధ్యవయసు మనిషి. అర్జీ చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివారు. నవ్వలేదు. మాష్టారిని బోనులోకి రమ్మని, ఆ మాటకు మీరు చెప్పిన అర్థం చదవండి అన్నారు.

"పిలుచుట" అని చదివాడు మాష్టారు.

"కిందిది?"

మాష్టారు బ్రహ్మానందం వైపు చూడకుండా రెండో అర్థం చదివాడు. పైవాడు తన కిందివానిని. యజమాని నౌకరును. అధికారి నేరస్థుని. సమానులయెడల వాడరాదు. చదివేకొద్దీ గొంతు తగ్గుతూ పోయి, చివరి ముక్క నిఘంటువుకే వినిపించింది. ఆ రోజు ఇది ఎందుకు చదవలేదని మున్సిఫ్ గారు అడిగారు. ఆయన పెద్దమనిషి, ఆయన ముందర ఆ మాట చదవలేకపోయానని మాష్టారు చెప్పాడు. తాటాకు సంగతి చెప్పలేదు.

"ఇంకేమన్నా ఉందా కింద?"

"మూడో అర్థం ఉందండి. చెదిరిన ధైర్యమును కూడగట్టుకొనుట."

"ఆ రోజు మీరు ఆ మూడోది చేసి ఉంటే రెండోది చదివేవారు మాష్టారూ. నాకీ అర్జీ తప్పేది" అన్నారు మున్సిఫ్ గారు. ప్లీడర్లు నవ్వారు. మాష్టారు నిఘంటువును గుండెకు హత్తుకుని దిగిపోయాడు.

బ్రహ్మానందం నవ్వులు వినలేదు. నౌకరును, నేరస్థుని అన్న మాటల దగ్గరే ఆగిపోయాడు. గడప ముందు చెప్పులు విప్పి నిలబడ్డ ఆ బంట్రోతు, తాగిన మజ్జిగ, చెప్పి వెళ్ళడం, అంతా కళ్ళకు కట్టింది. పిలుపని మురిసిపోయింది ఉత్తరువా. తనను జీవితంలో మర్యాదగా పిలిచినవాళ్ళు ఎవరా అని వెతుక్కున్నాడు. ఎంత వెతికినా పాక ముందు కండువా చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషి ఒక్కడే కనిపించాడు.

ఆచారం మీద నిజంగానే నమ్మకం ఉండి ఇట్లా జరిగితే మళ్ళీ విచారించవచ్చునని మున్సిఫ్ గారు మెత్తబడుతున్నట్టే కనిపించింది. అప్పుడు ఈశ్వరయ్య ప్లీడరు లేచి, అర్జీదారుకు వేళయిందని తెలియదనడం అబద్ధమనీ, తమ కక్షిదారు స్వయంగా పాకలోకి పోయి అతన్ని పిలిచాడనీ అన్నాడు. ఈశ్వరయ్యను అడిగితే అవునన్నాడు. బ్రహ్మానందాన్ని బోనెక్కించి ప్రమాణం చేయించారు. ఎక్కేటప్పుడు అతని ప్లీడరు చెవిలో చెప్పాడు. పాకలో ఉన్నది రోశయ్యా, హజ్రా బీయే. రోశయ్య నీ మాటే చెబుతాడు. ఆమె ఇరవై ఏళ్ళుగా ఎదురుగా ఉంది గాని కోర్టు మెట్టెక్కనని చెప్పేసింది. పిలవలేదని ఒక్క మాట అను, చేను నీ దగ్గరే ఉంటుంది.

"ఆ రోజు ఈశ్వరయ్య వచ్చి మిమ్మల్ని పిలిచాడా?" అని మున్సిఫ్ గారు అడిగారు.

పదకొండేళ్ళుగా అతను అదే మాట చెబుతూ వచ్చాడు. ఈశ్వరయ్య నన్ను పిలవలేదు. అరుగు మీద చెప్పాడు, రచ్చబండ దగ్గర చెప్పాడు, మిరపకాయలు ఏరే కూలీలకు చెప్పాడు. ఇంకొక్కసారి చెబితే సరిపోతుంది, ఈసారి దానికి చేను కూడా దక్కుతుంది. అన్ని సార్లూ నోట్లో నానిన మాట ఇప్పుడు రాలేదు. పిలిచినవాణ్ణి పట్టుకుని పిలవలేదనడం అతని లెక్కలో తిన్న అన్నాన్ని తినలేదనడం కన్నా హీనమైన పని. అతను ఈశ్వరయ్య వైపు చూశాడు. ఈశ్వరయ్య తల వంచుకుని ఉన్నాడు.

"పిలిచాడండి" అన్నాడు బ్రహ్మానందం. "చెప్పులిప్పి పిలిచాడు. కండువా తీసి పిలిచాడు. అన్నా అని పిలిచాడు."

"మరి ఎందుకు లేవలేదు?"

"వాడొస్తాడనుకోలేదండి."

మున్సిఫ్ గారు ఆ మాట రాసుకున్నారు. తర్వాత అర్జీ కొట్టేశారు. బ్రహ్మానందం రొంటిలో ఉన్న పంపకాల కాగితాన్ని ఆ రోజు కూడా ఎవరూ చూపించమనలేదు.

బయట ఎండ దిగుతోంది. బ్రహ్మానందం వరండా మెట్టు మీద కూర్చున్నాడు. వచ్చిన బండిని పొద్దున్నే పంపించేశాడు, బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈశ్వరయ్య తన బండి కట్టించుకుని వచ్చి, మెట్టుకు కాస్త దూరంగా నిలబడి, "బండుంది అన్నా, రా" అన్నాడు. బ్రహ్మానందం కదల్లేదు. ఈశ్వరయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ వచ్చి, చెప్పులు విప్పి, ఈసారి చెయ్యి చాచాడు.

"లే అన్నా. ఎడ్లు కట్టాం. నీకోసమే ఆగాం."

బ్రహ్మానందం కండువా దులుపుకుని లేచాడు. దారిలో ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. బజారు దగ్గర బండి ఆపించి ఈశ్వరయ్యే లాంతరు చిమ్నీ కొని వదిన చేతికిమ్మన్నాడు. అన్నదమ్ములు కలిసిపోయారని ఊరంతా సంతోషించింది. మర్నాడు పొద్దున్నే కోటేశ్వర్లు మాష్టారు తాటాకు కోసం ఈశ్వరయ్య ఇంటికి వెళ్ళాడు. చేను తిరిగి ఇచ్చే మాట మాత్రం ఈశ్వరయ్య ఎత్తలేదు, బ్రహ్మానందం అడగలేదు.

పదకొండేళ్ళు ఆలస్యంగా బ్రహ్మానందానికి రావలసిన మలిపిలుపు వచ్చింది. దానికతనికి పోయింది వాగొడ్డు నల్లరేగడి ఎకరం పదిహేడు సెంట్లు, గట్టు మీది ఆరు తాటిచెట్లతో సహా.